బిందువు ఏ రేఖకు చెందును?

జీఐఎస్ అను, కంప్యూటరుపై పటములు సిద్ధపరచు విద్యలో, బిందువులను రేఖలపైకి చేర్చు ప్రక్రియయంత త్వరగా అలవడునదియు, అలవడినంత త్వరగా అపకారము చేయునదియు వేరొకటి లేదని నా దృఢాభిప్రాయము. పగలంతయు ఏదో యొక కొలువు చేసికొని, రాత్రివేళ కువైట్ దేశపు సాల్మియాలో నలుగురైదుగురు కలిసి అద్దెకుండు గదిలో మంచముమీదనే ల్యాప్‌టాప్ పెట్టుకొని జీఐఎస్ నేర్చుకొనుచున్న కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ ప్రాంతముల యువజనులను మనసులో ఉంచుకొని ఈ అధ్యాయము వ్రాయుచున్నాను. ఏలయన, సర్వే కాంట్రాక్టరు కార్యాలయమున టెక్నీషియనుగా చేరినవానికి తొలిదినములలో అప్పగించు పని తరచుగా ఇదియే. వాల్వుల చుక్కలను నీటి పైపులైన్లపైకి, మ్యాన్‌హోళ్ల చుక్కలను మురుగు గొట్టములపైకి స్నాప్ చేయుమని పై ఇంజనీరు ఒక ఫైలు పంపును. ఒక టూలు తెరచి, ఒక అంకె వేసి, రన్ అను మీట నొక్కినంతనే, చెల్లాచెదరుగా నున్న చుక్కలన్నియు గీతలపై వరుసగా అమరును. తెర ముచ్చటగా కనిపించును. పని ముగిసినదను తృప్తి కలుగును. ఆ ముచ్చట ఎంతవరకు సత్యమో పరీక్షించు అలవాటు గలవారు ఏ కార్యాలయమున చూచినను అరుదు. వారిలో మీరొకరు కావలెనని నా కోరిక.

అసలు ఈ పని ఎందుకు చేయవలసి వచ్చినదో మొదట తెలిసికొందము. మన కంటికి గీతమీద నున్నట్లు తోచిన చుక్క యంత్రమునకు గీతమీద నున్నట్లు కాదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. ఒక వీధిలో పైపు పగిలినది. ఏ వాల్వు మూసినచో ఏ భవనములకు నీరు నిలిచిపోవునో చెప్పుమని సాఫ్ట్‌వేరును అడిగితిమి. వాల్వు చుక్క గీతకు జానెడు దూరమున నున్నను, ఆ గీతపై వాల్వే లేదని అది తలచి, మరియొక వాల్వు తగులువరకు పైపు వెంట పోయి, నిలుపనక్కరలేని వీధులకు కూడ నీరు నిలుపవలెనని చెప్పును. కావున చేర్పు అవసరమే. ఆ అవసరమును గూర్చి నాకు వాదము లేదు. నా వాదమంతయు చుక్కను కదపుటకు ముందు చేయవలసిన ఆలోచనను గూర్చినది.

యంత్రము చేయునదేమో ఒకసారి కాగితముపై చేసి చూడుడు. తరువాత దానియందు భయము గాని, భక్తి గాని మిగులదు. ఒక రేఖ (0, 0) వద్ద మొదలై (40, 30) వద్ద ముగియుచున్నదనుకొందము, అంకెలన్నియు మీటర్లు. దాని పొడవు 50 మీటర్లు. వాల్వు చుక్క (26, 12) వద్ద నున్నది. చుక్క యొక్క తూర్పు, ఉత్తరపు అంకెలను రేఖ యొక్క తూర్పు, ఉత్తరపు అంకెలచేత వరుసగా గుణించి కూడినచో, 1040కి 360 చేరి 1400 అగును. దానిని పొడవు యొక్క వర్గమైన 2500 చేత భాగించినచో 0.56 వచ్చును. అనగా రేఖ మొదటినుండి నూటికి 56 పాళ్లు నడచినచోట, 28 మీటర్ల కడ, చుక్కనుండి దింపిన లంబము రేఖను తాకును. ఆ స్థానము (22.4, 16.8), చుక్క కదలవలసిన దూరము సరిగా 6 మీటర్లు. భాగఫలము సున్నకు దిగువనున్నచో రేఖ మొదటి కొనను, ఒకటికి మించినచో చివరి కొనను గ్రహించవలెను. పోస్ట్‌జీఐఎస్ అను డేటాబేసు సాధనములో ఎస్‌టీ_లైన్‌లొకేట్‌పాయింట్ అనునది ఈ 0.56ను, ఎస్‌టీ_క్లోజెస్ట్‌పాయింట్ అనునది ఆ స్థానమును తెచ్చి ఇచ్చును. పెద్ద పెద్ద పేర్ల వెనుక నున్నది పదవ తరగతి గణితమే. ఈ గణితమునందు వాల్వు మాట లేదు, నీటి మాట లేదు, వీధి మాట లేదు. దూరము ఒక్కటే కలదు. మిగిలినవన్నియు తెలిసికొని చెప్పవలసినవారు మీరు.

ఇక చుక్క గీతకు ఎడముగా ఎందుకున్నది? ఈ ప్రశ్నను అడుగకుండ చుక్కను కదపుట, తప్పిపోయిన దూడను ఎవరిదని విచారింపక దగ్గరి దొడ్డిలో కట్టివేయుటవంటిది. సాల్మియా లోపలి వీధులలో తిరిగినవారికి ఒక కారణము సులభముగా బోధపడును. అక్కడ భవనములు ఎత్తైనవి, వీధులు ఇరుకైనవి, కార్లు నిలుపుటకు చోటు తక్కువ. సర్వే చేయువాడు ఉదయమే వచ్చి చూచుసరికి వాల్వు గది ఇనుప మూతమీద ఎవరిదో ల్యాండ్‌క్రూయిజరు నిలిచియుండును. ముందు చక్రము మూతలో సగమును కప్పివేసియుండును. యజమాని ఏ అంతస్తులో నిద్రించుచున్నాడో తెలియదు. ఎండ ముదురుచున్నది. వాడు జీపీఎస్ కర్రను బంపరు ప్రక్కన, మూతకు రెండడుగుల దూరమున నిలిపి, రీడింగు తీసికొని పోవును. ఇది ఒక తీరు దోషము. ఎత్తైన గోడలను తాకి వచ్చు ఉపగ్రహ సంకేతములవలన కలుగునది మరియొక తీరు. ఆరుబయలు నేల మీదనే స్మార్టుఫోను జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో స్థానము చెప్పుననుట అందరెరిగినదే. గోడల నడుమ ఆ తేడా పెరుగును గాని తగ్గదు. మరి గీత మాత్రము నిర్దోషియా? పైపు వేయునాడు కాగితముమీద గీసిన నమూనాను తరువాతి కాలమున ఎవరో స్కాను చేసి, తెరపై మౌసుతో అనుసరించి గీసినదై యుండవచ్చును. అట్టి సందర్భమున చక్కని పరికరముతో కొలిచిన వాల్వును లాగికొనిపోయి, అంచనాగా గీసిన గీతకు అంటించుట సత్యమును అసత్యమునకు అనుగుణముగా దిద్దుటయే. చుక్క మంచిదైనచో గీతనే కదపవలెను; చుక్కల గుండా పోవునట్లు గీతను తిరుగ గీయవలెను. ఈ రెండింటిలో దేనిని నమ్మవలెనో ఫైలుతో వచ్చిన వివరములలో వెదకుడు. అందు లేకున్న అడుగుడు. అడుగుటకు సిగ్గుపడువాడు ఈ వృత్తిలో ఎదుగడు.

ఈ సందర్భమున ఒక పరీక్ష చెప్పెదను. ఇది చాల విలువైనది. స్నాప్ చేయుటకు ముందే ప్రతి చుక్కనుండి సమీప రేఖకు గల దూరమును, దిక్కును లెక్కకట్టి ఆట్రిబ్యూట్ టేబులులో నిలువు వరుసలుగా వేసికొనుడు. దిక్కులు నలువైపులకు చెదరియుండి, దూరములు కొన్ని మీటర్లకు లోపుగా నున్నచో అది సహజమైన కొలత దోషము, స్నాప్ చేయవచ్చును. అట్లుగాక, చుక్కలన్నియు ఒకే దిక్కునకు, ఒకే దూరము జరిగియున్నచో అది సర్వే చేసినవాని దోషము కాదు. రెండు లేయర్లు రెండు వేర్వేరు డేటములపై, అనగా నిర్దేశాంకములకు ఆధారమగు భూమి నమూనాలపై, నున్నవని ప్రాయికముగా అర్థము. కువైట్, సౌదీ అరేబియా, బహ్రెయిన్ దేశములలో పూర్వము ఐన్ అల్ అబ్ద్ అను డేటము వాడుకలో నుండెను. దానిపై గీసిన పాత పటమును, నేటి జీపీఎస్ వాడు డబ్ల్యూజీఎస్ 84 పటమును సరియైన మార్పిడి లేకుండ ఒకదానిపై నొకటి పరచినచో పదులకొలది మీటర్ల తేడా కనిపించును. మన దేశమునను ఇదే కథ. 1802లో మద్రాసు వద్ద ల్యాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేలో, 1818 చివర హైదరాబాదు వచ్చి చేరి, కృష్ణా గోదావరుల నడుమ అడవులలో కొలతలు తీయుచు జ్వరపీడితుడైన జార్జి ఎవరెస్టు పేరిటి గోళాకృతిపైననే సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు రూపొందినవి. వాటిని నేరుగా జీపీఎస్ చుక్కలతో కలుపబూనినవారికి ఇట్టి స్థానభ్రంశమే ఎదురగును. అట్టి స్థానభ్రంశమును స్నాప్ టూలుతో మాపబూనుట రోగమును దాచుటయే. మార్పిడి సరిచేయుడు, చుక్కలలో పెక్కు తమంతట తామే గీతల దరికి వచ్చును.

డేటము సంగతి చెప్పితిని గనుక, సాల్మియాలో పనిచేయువారికి ప్రత్యేకముగా తెలిసియుండవలసిన మరియొక విశేషము కలదు. భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విభజించు యూటీఎం పద్ధతిలో, 38వ పట్టీకి, 39వ పట్టీకి సరిహద్దు 48 డిగ్రీల తూర్పు రేఖాంశము. ఆ రేఖాంశము కువైట్ టవర్లకు అతి సమీపముగా, వాటికి కొంచెము పడమరగా పోవును. కువైట్ నగరపు నడిబొడ్డు 38లో నుండగా, దానికి ఆగ్నేయమున సముద్రతీరము వెంట నున్న సాల్మియా 39లో పడినది. కారులో పావుగంట ప్రయాణము. పటములో రెండు లోకములు. అదే 48 డిగ్రీల రేఖపై నిలిచి చూచినచో 38వ పట్టీలో తూర్పు అంకె సుమారు 7,91,000 మీటర్లు, 39లో సుమారు 2,09,000 మీటర్లు. నగరములోని కార్యాలయము 38వ పట్టీ సంకేతమగు ఈపీఎస్‌జీ 32638లో గీసి పంపిన రోడ్ల గీతలను, సాల్మియాలో 32639లో తీసిన చుక్కలను ఒకే చోట తెరచినచో, సాఫ్ట్‌వేరు అప్పటికప్పుడు మార్చి చూపుటచేత తెరమీద అవి చక్కగా కలిసియున్నట్లే కనిపించును. కాని ఫైలులోని అంకెలు కలిసియుండవు. స్నాప్ చేయుటకు ముందు రెండు లేయర్లను ఒకే నిర్దేశాంక పద్ధతిలో విడిగా సేవ్ చేసికొనుట తప్పనిసరి. పైగా పట్టీ అంచున యూటీఎం కొలతలు నిజముకంటె కొంచెము సాగియుండును. ఇక్కడ కిలోమీటరుకు అరవై సెంటీమీటర్లకు పైగా ఎక్కువ చూపును. వాల్వులకు అది పెద్ద బాధ కాదు గాని, పొడుగాటి పైపులైను వెంట మీటర్లు లెక్కించువారికి అది లెక్కలోనిదే. ఈ పట్టీల చిక్కు లేకుండునట్లు కువైట్ తన ప్రజోపయోగ శాఖల పటములకు 48 డిగ్రీలనే మధ్యరేఖగా గల కుడామ్స్ పద్ధతిని ఏర్పరచుకొన్నది. మీకు వచ్చు ప్రభుత్వ సంబంధమైన ఫైళ్లు దానిలో నుండుట సంభవమే.

టాలరెన్సు అను అంకెను గూర్చి రెండు మాటలు. ఎంత దూరము లోపలి గీతను చుక్క అందుకొనవచ్చునో ఆ అంకె నిర్ణయించును. క్యూజీఐఎస్ అను సాఫ్ట్‌వేరులోని స్నాప్ జామెట్రీస్ టు లేయర్ అను టూలులో ఆ గడియందు ముందే 10 అని యుండును. మీ లేయరు మీటర్లలో నున్నచో అది పది మీటర్లు. డబ్ల్యూజీఎస్ 84 అక్షాంశ రేఖాంశములలో నున్నచో అది పది డిగ్రీలు. అనగా ఉత్తర దక్షిణములుగా 1100 కిలోమీటర్లకు పైమాట! సాల్మియా చుక్కకు అప్పుడు అరేబియాలోని సుదూరపు గీతలును అందుబాటులోనివే. ఈ అంకెను సౌకర్యమును బట్టి గాక, కొలత యొక్క నాణ్యతను బట్టి నిర్ణయింపుడు. చుక్కలను 2 మీటర్ల తేడా గల పరికరముతో కొలిచి, గీతలను 1 మీటరు తేడాతో గీసియున్నచో, మూడు మీటర్లకు మించిన టాలరెన్సు అడుగుటకు మీకు న్యాయము లేదు. చుక్కలు మిగిలిపోయినవని మూడును ఐదు చేసి, ఐదును పది చేసి, చివరకు ఒక్క చుక్కయు మిగులకుండునట్లు ఇరువదియైదు చేసినవారిని నేనెరుగుదును; వారి ఫైళ్లు చూచుటకు నిండుగా నుండును, వాడుటకు పనికిరావు. అదే టూలులో ప్రవర్తన అను ఎంపిక ఒకటి కలదు. రేఖ యొక్క వెర్టెక్సులకు, అనగా మలుపు బిందువులకు, ప్రాధాన్యమిచ్చు ఎంపికను తీసికొన్నచో, పైపు మధ్యనున్న వాల్వు కూడ దగ్గరి మలుపు వద్దకు ఈడ్వబడును. వాల్వులకు సమీప బిందువునకు ప్రాధాన్యమిచ్చు ఎంపికయే తగినది. మలుపు వద్దనే నిలుపవలసిన మ్యాన్‌హోళ్లకు మొదటిది తగినది.

ఇప్పుడు ఈ అధ్యాయమునకు ప్రాణమైన విషయమునకు వచ్చితిని. దగ్గరి గీత తన గీత కానక్కరలేదు. కువైట్‌లో దీనికి నిదర్శనము భూమిలోనే కలదు. నదులు లేని ఈ దేశము ఒకప్పుడు షత్ అల్ అరబ్ నది నుండి పడవలపై త్రాగునీరు తెచ్చుకొనుచుండెను. 1953 మొదలు సముద్రజలమును శుద్ధిచేయు కర్మాగారములపై ఆధారపడినది. శుద్ధిచేసిన మంచినీటికి ఒక పైపుల వ్యవస్థ. భూగర్భమునుండి తోడిన, కొంచెము ఉప్పనగు నీటికి, తోటలకు, కట్టడపు పనులకు వాడునట్టి దానికి, వేరొక వ్యవస్థ. అనేక వీధులలో ఈ రెండును సమాంతరముగా, కొలది మీటర్ల ఎడముతో పోవుచుండును. మంచినీటి వాల్వును కారు అడ్డమువలన రెండు మీటర్లు ప్రక్కకు కొలిచినచో, లంబము పోయి ఉప్పునీటి పైపుపై పడుటకు అంతకంటె కారణమక్కరలేదు. యంత్రమునకు ఏ సందేహము కలుగదు. ఆరు సెంటీమీటర్లు దగ్గరైనను దానికి దగ్గరయే.

"అన్నా, ఈ వాల్వు రెండు లైన్లకు నడుమ ఉండాది, దేనికి ఏసేది?" అని అడిగిన కుర్రవానికి పెద్దవాడు, "నువ్వు ఏసేది కాదు నాయనా, మూత తీసి చూసినోణ్ణి అడుగు. ఫోటో ఉంటే అది చూడు," అని చెప్పుట కార్యాలయములలో వినవచ్చు మాటయే. ఆ మాటలోనున్న వివేకము ఏ టూలులోను లేదు. వాల్వు చుక్కకు సర్వేదారు ఏ నీటిదో వ్రాసియుండిన ఒక్క నిలువు వరుస చాలును: ముందుగా మంచినీటి వాల్వులను మాత్రము ఫిల్టరు చేసి, గీతలలో మంచినీటి గీతలను మాత్రమే ఉంచి స్నాప్ చేయుడు, పిదప ఉప్పునీటివి. పోస్ట్‌జీఐఎస్ వాడువారు సమీప రేఖను వెదకు ప్రశ్నలోనే రకము రకమునకు సరిపోవలెనను నియమము చేర్చుకొనవచ్చును. ఆ వరుస లేనినాడు చుక్కను కదపకుడు.

చిరునామాల విషయమునను ఇదే ధర్మము. కువైట్‌లో చిరునామా బ్లాకు, వీధి, భవనము సంఖ్యలతో నడచును. పౌరసమాచార సంస్థ వెలువరించిన కువైట్ ఫైండర్ యాప్‌ను డెలివరీ డ్రైవర్లు వాడుచుందురు. మూలమీది భవనమును తీసికొనుడు. దాని చిరునామా పెద్ద వీధిది. కాని భవనము నడిమి చుక్కకు ప్రక్క సందు దగ్గర. దూరమును మాత్రమే నమ్మి చేర్చినచో మన ఊరి కుర్రవాడు భోజనము పొట్లము పట్టుకొని వెనుక సందులో చెత్తడబ్బాల ప్రక్కన నిలిచి ఫోను చేయవలసి వచ్చును. చిరునామాలోని వీధితో సరిపోయిన గీతకే చేర్చవలెను. అంతేకాదు, భవనపు చుక్కను అసలు కదపనే కూడదు. భవనము రోడ్డు మధ్యలో లేదు గదా! అట్టిచోట చుక్కను ఉన్నచోటనే ఉంచి, దానినుండి గీతకు చిన్న సంధి గీతను గీయుట మేలు. క్యూజీఐఎస్‌లో రెండు లేయర్ల నడుమ అతిచిన్న గీత గీయు టూలు ఇందుకే యున్నది.

కదపవలసినవి, కదపరానివి అను ఈ భేదమును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారు చక్కగా గుర్తించిరి. 2004లో స్టీవ్ కోస్ట్ ఆరంభించిన ఆ పటములో, ట్రాఫిక్ సిగ్నలు, పాదచారులు దాటు చోటు రోడ్డు గీతపైననే నోడులుగా నుండవలెను. బస్సు కొరకు జనము నిలుచు చోటు రోడ్డు ప్రక్కన, ఏ వైపున నిలుతురో ఆ వైపున ఉండవలెను. బస్సు ఆగు స్థలము మాత్రము వేరొక చుక్కగా గీతపై నుండవలెను. సాల్మియా అంచున సముద్రము వెంట పోవు అరేబియన్ గల్ఫ్ వీధిని చూడుడు. నడుమ డివైడరు గల ఈ వీధి పటములో రెండు గీతలు. ఒకటి పోవుటకు, ఒకటి వచ్చుటకు. కువైట్‌లో వాహనములు కుడివైపున నడచును గనుక బస్‌స్టాపు ఏ గీతదో వైపును బట్టి చెప్పవచ్చును. దూరమును బట్టి చెప్పబూనినచో, జీపీఎస్ కొంచెము జారిన చుక్క ఎదుటి గీతకు అంటుకొని, సముద్రమువైపు ఎక్కవలసిన ప్రయాణికుని భవనముల వైపునకు పంపును. ఇక కదలు బస్సు నుండి వచ్చు చుక్కల వరుసను ఒక్కొక్కటిగా స్నాప్ చేయుట మరింత ప్రమాదము; ఐదవ రింగురోడ్డు మీది ఫ్లైఓవరు, దాని క్రిందనున్న దారి, ప్రక్కనున్న సర్వీసు రోడ్డు, వీని నడుమ బస్సు ఎగిరెగిరి పడుచున్నట్లు తోచును. 2009లో న్యూసన్, క్రమ్ అను పరిశోధకులు ముందు వెనుకల చుక్కలను కూడ లెక్కలోనికి తీసికొని, సంభావ్యత బలముతో దారిని నిర్ణయించు పద్ధతిని ప్రకటించిరి. నేడు ఆ పనికి ఆ మార్గమే ఎక్కువగా అనుసరింపబడుచున్నది.

చుక్కను గీతకు చేర్చుటలోని పరమప్రయోజనము, చుక్కకు ఎక్స్, వై అంకెలకు బదులు గీత వెంట దూరము లభించుట. ఇది మన ఇంజనీర్లకు కొత్త కాదు. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి కర్నూలు, కడప ప్రాంతములకు నీరిచ్చు కేసీ కాలువను 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించెను. అట్టి కాలువలపై ఏ తూము ఎక్కడనున్నదనిన, కాలువ కాచు లష్కరు అక్షాంశము చెప్పడు, కిలోమీటరు చెప్పును. రైల్వే గ్యాంగ్‌మెనుకు కూడ కిలోమీటరు రాళ్లే చిరునామాలు. తూము చుక్కలను కాలువ గీతకు చేర్చి, మొదటనుండి దూరమును లెక్కించినచో ఆ పాత రిజిస్టరుతో సరిచూచుకొనుటకు వీలగును. ఒక తూము రిజిస్టరులో ఒక కిలోమీటరు వద్ద, పటములో వేరొక కిలోమీటరు వద్ద నున్నచో, గీత ఎటునుండి ఎటు గీయబడినదో మొదట చూడుడు. దిగువనుండి ఎగువకు గీసిన గీతపై లెక్క తలక్రిందులగుట సర్వసాధారణము.

స్నాప్ చేసిన తరువాత కూడ ఒక వింత ఎదురగును. చుక్క గీతపైకి చేరినది. అయినను చుక్క గీతను తాకుచున్నదా అని ఇంటర్‌సెక్ట్ పరీక్షతో అడిగినచో యంత్రము తరచుగా లేదనును. కొత్తవారు ఇచ్చట కంగారుపడి ప్రోగ్రాములో దోషమున్నదనుకొందురు. దోషము లేదు. పైన మనకు వచ్చిన 22.4, 16.8 అను అంకెలు మనకు చిన్నవి. రెండంకెల లెక్కలో వ్రాయు కంప్యూటరుకు అవి తెగని భిన్నములు. కావున అది దాచుకొన్న స్థానము గీతనుండి కంటికి కనిపించని వెంట్రుకవాసిలో కోట్లవంతు తొలగియుండును. దీనికి రెండు ఉపాయములు. తాకుచున్నదా అని అడుగక, ఒక మిల్లీమీటరు లోపల నున్నదా అని అడుగుట ఒకటి. ఎస్‌టీ_డీవితిన్ అనునది అందులకే యున్నది. చుక్క యున్నచోటనే గీతకు కూడ ఒక వెర్టెక్సును చేర్చి, గీతను అచ్చట రెండు ముక్కలు చేయుట రెండవది. నీటి వ్యవస్థకు రెండవదే శ్రేయస్కరము. వాల్వు వద్ద పైపు నిజముగా రెండు భాగములే గదా.

పని చేయు క్రమమును గూర్చి తొందరగా చెప్పి ముగింతును. మూల ఫైలును ముందుగా వేరొకచోట భద్రపరచుడు. ఆర్క్‌జీఐఎస్‌లోని స్నాప్ టూలు మీరిచ్చిన ఫైలునే మార్చివేయును, క్యూజీఐఎస్ టూలు కొత్త లేయరు నిచ్చును గాని, దానిని నమ్మి మూలమును చెరుపుకొన్నవారును కలరు. కదపుటకు ముందటి ఎక్స్, వై అంకెలను, కదలిన దూరమును, ఏ గీతకు చేరినదో ఆ గీత సంఖ్యను ప్రతి చుక్క కెదుట వ్రాసియుంచుడు. కదలిన దూరమును బట్టి టేబులును అవరోహణక్రమమున అమర్చి, పైనున్న చుక్కలను ఉపగ్రహ చిత్రముపై ఒక్కొక్కటిగా చూడుడు. తప్పులలో ఎక్కువ భాగము అక్కడనే కూర్చుండియుండును. రెండు గీతలకు సుమారు సమదూరమున నున్న చుక్కలను, ఎంత చిన్న దూరమున నున్నను, వేరొక జాబితాగా తీయుడు; అత్యంత ప్రమాదకరమైనవి అవియే, ఏలయన అవి తప్పుగా చేరినను కదలిన దూరము చిన్నదై మీ కంటబడవు.

ఈ అభ్యాసమునకు ఖర్చు లేదు. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన క్యూజీఐఎస్ నేటికిని ఉచితమే, పాత ల్యాప్‌టాప్ పైనను నడచును. సాల్మియా రోడ్ల గీతలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుండి దించుకొనవచ్చును. మీ వీధిలోని దీపస్తంభములను ఒక సాయంకాలము ఫోనుతో గుర్తించి వచ్చి, పై లెక్కను మొదట కొన్నింటికి చేతితో చేసి, తరువాత టూలుతో చేసి పోల్చుకొనుడు. ఇంటర్వ్యూలో టూలు పేరు చెప్పగలవారు అనేకులు వత్తురు. టాలరెన్సు మూడే ఎందుకు పెట్టితివని అడిగినపుడు కారణము చెప్పగలవానికే ఇంజనీరు రెండవ ప్రశ్న వేయును.

చివరకు మీ చేతిలో కొన్ని చుక్కలు ఏ గీతకు చేరక మిగులును; మిగిలితీరవలెను. గురువారము సాయంకాలము, రెండు దినముల సెలవు ముందుండగా, ఫైలు నిండుగా అప్పగించవలెనను ఒత్తిడి మీపై నుండును. దయచేసి ఆ వేళ టాలరెన్సు పెంచకుడు. మిగిలిన చుక్కలను మిగిలినట్లే ఒక జాబితాగా వ్రాసి, ప్రతి దాని కెదుట సందేహమును తెలిపి, మూత తీసి చూచి రండని ఫీల్డు వారికి పంపుడు.